చంద్రునిపై మానవుడు దిగలేదనే వాదనలు

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1969 - 1972 మధ్య అపోలో కార్యక్రమంలో భాగంగా జరిపిన చంద్రయాత్రలు నిజంగా జరగలేదనీ, వాటిని భూమిపైనే ఎక్కడో చిత్రీకరించి ప్రపంచాన్ని నమ్మించారనీ చెప్పే కుట్ర సిద్ధాంతాలను కలిపి చంద్రునిపై మానవుడు దిగలేదనే వాదనలు అంటారు. ఈ వాదనలు చేసేవారిలో ఏకాభిప్రాయం లేదు. మానవుడు భూకక్ష్యను దాటనే లేదని కొందరు, మనుషులు లేని నౌకలు మాత్రమే చంద్రుణ్ణి చేరాయని కొందరు, యాత్ర జరిగినా ప్రజలకు చూపించిన చిత్రాలు నకిలీవని మరికొందరు అంటారు.

ఈ వాదనలు 1970వ దశకం మధ్యలో పుస్తకరూపం దాల్చి, 2001లో ఒక టెలివిజను కార్యక్రమం ద్వారా విస్తృత ప్రచారం పొందాయి. వీటిలో తరచుగా వినవచ్చే అంశాలన్నిటికీ ఖగోళ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, ఛాయాగ్రాహకులు వివరణలు ఇచ్చారు. గాలి లేని, గురుత్వాకర్షణ తక్కువగా ఉన్న చోట తీసిన చిత్రాలను భూమి మీది అనుభవంతో కొలవడమే చాలా ఆక్షేపణలకు మూలం. పైగా, చంద్రయాత్రలకు ఉన్న ఆధారాలన్నీ నాసా చేతిలోనివే కావు. అప్పట్లో అమెరికాకు ప్రత్యర్థి అయిన సోవియట్ యూనియన్ తెచ్చిన మట్టి, భారత్, జపాన్ నౌకలు తీసిన చిత్రాలు, అనేక దేశాల ప్రయోగశాలల్లో జరిగిన శిలా పరీక్షలు కూడా వాటిలో ఉన్నాయి.

నేపథ్యం

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మానవుడయ్యాడు. ఈ రెండు విజయాల తరువాత, దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రునిపై దింపి క్షేమంగా తీసుకురావాలన్న లక్ష్యాన్ని 1961 మే 25న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ ఆ దేశ కాంగ్రెసు ముందుంచాడు. ఈ కార్యక్రమంలో ప్రాణనష్టం కూడా జరిగింది. 1967 జనవరి 27న నేలపై పరీక్ష జరుగుతుండగా అపోలో 1 నౌకలో మంటలు చెలరేగి గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ షాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు మరణించారు.

1968 డిసెంబరులో అపోలో 8 మనుషులతో చంద్రుని చుట్టూ తిరిగి వచ్చింది. 1969 జూలై 20న అపోలో 11కు చెందిన ఈగిల్ నౌక చంద్రునిపై దిగింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రతలంపై అడుగు పెట్టినప్పుడు భారత కాలమానం ప్రకారం జూలై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలయింది. మొత్తం ఆరు యాత్రలలో 12 మంది చంద్రునిపై నడిచారు.

* అపోలో 11 - జూలై 1969 - ప్రశాంత సాగరం - నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్
* అపోలో 12 - నవంబరు 1969 - తుపానుల మహాసముద్రం - పీట్ కాన్రాడ్, అలన్ బీన్
* అపోలో 14 - ఫిబ్రవరి 1971 - ఫ్రా మౌరో - అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్
* అపోలో 15 - జూలై 1971 - హ్యాడ్లీ ప్రాంతం - డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్
* అపోలో 16 - ఏప్రిల్ 1972 - డెకార్ట్ ప్రాంతం - జాన్ యంగ్, చార్లెస్ డ్యూక్
* అపోలో 17 - డిసెంబరు 1972 - టారస్-లిట్రో లోయ - యూజీన్ సెర్నన్, హారిసన్ ష్మిట్

అపోలో 13 మార్గమధ్యంలో ఆక్సిజన్ ట్యాంకు పేలడంతో చంద్రునిపై దిగకుండానే తిరిగి వచ్చింది.

వాదనల పుట్టుక

చంద్రయాత్రలపై అనుమానాలు అవి జరుగుతున్న రోజుల్లోనే వినిపించాయి. ఐతే వాటికి ఒక రూపం ఇచ్చినవాడు బిల్ కేసింగ్. అతడు 1976లో "వి నెవర్ వెంట్ టు ద మూన్" అనే పుస్తకాన్ని సొంతంగా ప్రచురించాడు. శాటర్న్ 5 రాకెట్టు ఇంజన్లను తయారు చేసిన రాకెట్‌డైన్ సంస్థలో కేసింగ్ 1956 నుండి 1963 వరకు పనిచేశాడు. అందువలన అతని మాటలకు లోపలి మనిషి సాక్ష్యమన్న విలువ వచ్చింది. నిజానికి అతడు ఇంజనీరు కాదు, ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రుడు. సంస్థలో అతని పని సాంకేతిక పత్రాలు రాయడం. చంద్రునిపై తొలి మానవుడు దిగడానికి ఆరేళ్ళ ముందే అతడు ఆ ఉద్యోగం మానేశాడు.

ఈ పుస్తకం వెలువడిన కాలాన్ని కూడా గమనించవలసి ఉంది. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం ప్రజలకు దాచిన సంగతులు 1971లో పెంటగాన్ పత్రాల ద్వారా బయటపడ్డాయి. వాటర్‌గేట్ వ్యవహారంలో 1974లో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. ప్రభుత్వం అబద్ధం చెప్పగలదన్నది అప్పటి అమెరికన్లకు ప్రత్యక్షానుభవం. చంద్రయాత్ర కూడా అటువంటి అబద్ధమేనన్న ఊహకు ఈ వాతావరణం అనుకూలించింది.

చంద్రయాత్ర దృశ్యాలను "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" చిత్ర దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ తీశాడన్న ప్రచారం కూడా ఉంది. భూమి బల్లపరుపుగా ఉందని నమ్మే సంఘం వారు తొలి రోజుల్లోనే చంద్రయాత్రలు నకిలీవని ఆరోపించారు. 2001 ఫిబ్రవరి 15న ఫాక్స్ టెలివిజను ప్రసారం చేసిన కార్యక్రమంతో ఈ వాదనలు ఎన్నో ఇళ్ళకు చేరాయి. దానికి సమాధానంగా ఫిల్ ప్లెయిట్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ కార్యక్రమంలోని ఆక్షేపణలకు వరుసగా వివరణలు రాశాడు.

ఆరోపించే కారణాలు

నాసా ఈ నాటకం ఎందుకు ఆడిందన్న ప్రశ్నకు వాదించేవారు ముఖ్యంగా మూడు కారణాలు చెబుతారు: సోవియట్ యూనియన్‌పై ఆధిక్యం చాటుకోవడం, ప్రభుత్వ నిధులు పోకుండా కాపాడుకోవడం, వియత్నాం యుద్ధంపై నుండి ప్రజల దృష్టి మరల్చడం. ఆధిక్యం కోసం పోటీ నడిచిన మాట వాస్తవమే. ఐతే ఒక పని చేయడానికి బలమైన కారణం ఉండడం ఆ పనిని నిజంగా చేయడానికైనా, చేసినట్లు నటించడానికైనా సమానంగా వర్తిస్తుంది. కనుక కారణం ఒక్కటే రుజువు కాజాలదు.

చిత్రాలపై ఆక్షేపణలు, వివరణలు

జెండా ఊగడం

ఆక్షేపణ: గాలి లేని చోట జెండా రెపరెపలాడినట్లు కనబడుతోంది.

వివరణ: గాలి లేనందువలన జెండా వేలాడిపోతుందని ముందే తెలుసు. అందుకే దాని పై అంచులో అడ్డంగా ఒక కడ్డీని అమర్చారు. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా సాగకపోవడంతో గుడ్డలో ముడతలు మిగిలిపోయాయి. నిశ్చల చిత్రాల్లో ఆ ముడతలే అలలుగా కనబడతాయి. కదిలే చిత్రాల్లో, వ్యోమగాములు కర్రను నేలలోకి తిప్పుతూ దిగగొట్టేటప్పుడు జెండా ఊగుతుంది. ఊపును అడ్డుకునే గాలి లేనందున ఆ కదలిక భూమి మీదకంటే ఎక్కువసేపు సాగుతుంది. ఎవరూ తాకనప్పుడు జెండా నిశ్చలంగానే ఉంది.

నక్షత్రాలు కనబడకపోవడం

ఆక్షేపణ: నల్లని ఆకాశంలో ఒక్క నక్షత్రమైనా లేదు.

వివరణ: ఆరు యాత్రలూ చంద్రునిపై పగటి వేళలోనే దిగాయి. ఎండలో మెరిసే నేలను, తెల్లని దుస్తులను స్పష్టంగా తీయాలంటే కెమెరా షట్టరు క్షణంలో చిన్న భాగం మాత్రమే తెరచుకోవాలి. అంత తక్కువ సమయంలో నక్షత్రాల మసక వెలుగు ఫిల్ముపై నమోదు కాదు. రాత్రి వేళ దీపాలు వెలిగే క్రికెట్ మైదానాన్ని ఫొటో తీసినప్పుడు కూడా పైన ఆకాశం నల్లగానే వస్తుంది. నక్షత్రాల కోసం ప్రత్యేకంగా తీసిన చిత్రాలు కూడా ఉన్నాయి. జార్జ్ కారథర్స్ రూపొందించిన అతినీలలోహిత కెమెరాను అపోలో 16 వ్యోమగాములు చంద్రునిపై నిలిపి నక్షత్రాలను, భూమిని చిత్రించారు.

నీడలు

ఆక్షేపణ: నీడలు సమాంతరంగా లేవు. నీడలో ఉన్న వస్తువులు కూడా కనబడుతున్నాయి. కాబట్టి అనేక స్టూడియో దీపాలు వాడారు.

వివరణ: ఎగుడుదిగుడు నేలపై పడిన నీడలు వంకరగా సాగుతాయి. వెడల్పాటి దృశ్యాన్ని పట్టే కటకంతో తీసినప్పుడు సమాంతర రేఖలు దూరాన కలుస్తున్నట్లు కనబడతాయి. తిన్నని రైలు పట్టాలు దూరాన కలిసినట్లు కనబడడం ఇందుకు ఉదాహరణ. నిజంగా అనేక దీపాలు ఉంటే ఒక్కొక్క వస్తువుకు ఒకటికంటే ఎక్కువ నీడలు పడాలి. అపోలో చిత్రాలలో ఒక్కొక్క వస్తువుకు ఒక్క నీడే ఉంది. ఎండ పడిన చంద్రతలం నుండి పరావర్తనం చెందిన వెలుగు నీడలో ఉన్నవాటిని కనిపింపజేస్తుంది.

శిలువ గుర్తులు మరియు 'సి' అక్షరం

ఆక్షేపణ: కెమెరా వేసే శిలువ గుర్తులు కొన్ని చోట్ల వస్తువుల వెనుకకు పోయినట్లున్నాయి. ఒక రాయిపై 'సి' అనే ఆంగ్లాక్షరం ఉంది. అది రంగస్థల సామగ్రికి వేసిన గుర్తు.

వివరణ: శిలువ గుర్తులు కెమెరాలో ఫిల్ముకు ముందున్న గాజు పలకపై చెక్కినవి. మిక్కిలి తెల్లని వస్తువు ఉన్న చోట ఫిల్ముపై వెలుగు పక్కలకు పాకి సన్నని నల్లగీతను కప్పివేస్తుంది. తెల్లని భాగాలపైనే గీత మాయం కావడం, పక్కనున్న నల్లని భాగాలపై కొనసాగడం ఈ వివరణను బలపరుస్తున్నాయి. అపోలో 16 చిత్రంలోని 'సి' అక్షరం మూల ఫిల్ములో లేదు. ప్రతులు తీసేటప్పుడు ఒక ప్రతిపై పడిన వెంట్రుక లేదా నూలుపోగు అలా కనబడిందని తేలింది.

గొయ్యి పడకపోవడం, పాదముద్రలు

ఆక్షేపణ: ఇంజను మంట కింద పెద్ద గొయ్యి పడాలి. తేమ లేని ధూళిలో అంత స్పష్టమైన పాదముద్రలు పడవు.

వివరణ: నౌక దిగే సమయానికి చాలా ఇంధనం ఖర్చయి తేలికైంది. చంద్రుని గురుత్వాకర్షణ భూమిలో ఆరవ వంతే కనుక, దాన్ని నిలపడానికి ఇంజను తన పూర్తి శక్తిలో మూడవ వంతు కంటే ఎక్కువ వాడనవసరం లేదు. ఆ బలం సుమారు ఒకటిన్నర మీటర్ల వెడల్పు గల నాజిల్ అంతటా పరచుకుంటుంది. లెక్క ప్రకారం ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 100 గ్రాములు మాత్రమే. భూమిపై నిలుచున్న మనిషి పాదాలు నేలపై కలిగించే ఒత్తిడి ఇంతకంటే ఎక్కువ. శూన్యంలో ఇంజను వాయువులు వెంటనే అన్ని వైపులకూ విచ్చుకుపోతాయి కూడా. పైనున్న ధూళి ఎగిరిపోయింది గానీ గట్టి నేల అలాగే ఉంది. గొయ్యి పడలేదన్న సంగతిని చంద్రతలంపై అడుగు పెట్టిన కొద్దిసేపటికే ఆర్మ్‌స్ట్రాంగే భూమికి తెలియజేశాడు.

పాదముద్రల విషయానికి వస్తే, భూమిపై ఇసుక రేణువులు గాలికి, నీటికి అరిగి గుండ్రబడతాయి. అందుకే పొడి ఇసుకలో అచ్చు నిలవదు. చంద్రునిపై అరుగుదల లేనందున రేణువులు గరుకుగా, వాడి అంచులతో ఉండి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. తేమ లేకుండానే అచ్చు నిలుస్తుంది.

నెమ్మది కదలికలు

ఆక్షేపణ: భూమిపై తీసిన చిత్రాన్ని నెమ్మదిగా నడిపి చంద్రునిపై నడకలా చూపించారు.

వివరణ: ఆరవ వంతు గురుత్వాకర్షణను అనుకరించాలంటే చిత్రం వేగాన్ని సుమారు 2.45 రెట్లు తగ్గించాలి. అపోలో చిత్రాలను తిరిగి అంత వేగంగా నడిపితే పడే వస్తువుల కదలిక భూమి మీద ఉన్నట్లే కనబడుతుంది. కానీ వ్యోమగాముల చేతుల కదలికలు అసహజమైన వేగంతో సాగుతాయి. ధూళి ఇంకా బలమైన సాక్ష్యం. అపోలో 16లో చంద్రవాహనం నడిపినప్పుడు చక్రాల నుండి లేచిన ధూళి మబ్బులా తేలకుండా, ప్రతి రేణువూ విసిరిన రాయిలా వంపు గీసుకుంటూ పడింది. గాలి ఉన్న చోట ఇది సాధ్యం కాదు. ఇలా కనిపింపజేయాలంటే చిత్రీకరణ స్థలమంతటి నుండీ గాలిని తోడివేయాలి. 1971 ఆగస్టు 2న డేవిడ్ స్కాట్ ఒక సుత్తిని, డేగ ఈకను ఒకేసారి వదలగా రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఇందులోనూ గాలి లేకపోవడం స్పష్టంగా కనబడుతుంది.

వికిరణంపై ఆక్షేపణ

భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ వలయాలలోని వికిరణం మనుషులను చంపివేస్తుందనీ, వాటిని దాటడం అసాధ్యమనీ మరొక వాదన. వికిరణం వలన హాని అది ఎంత తీవ్రమైనదన్న దానిపైనే కాక ఎంతసేపు తగిలిందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. అపోలో నౌకలు వలయాలలో దట్టమైన భాగాన్ని తప్పించే మార్గంలో కొద్ది గంటల్లోనే వాటిని దాటాయి. వ్యోమగాములు ధరించిన కొలమానాల ప్రకారం, చంద్రయాత్రలలో ఒక్కొక్కరికి తగిలిన సగటు మోతాదు 0.16 నుండి 1.14 రాడ్ల మధ్య ఉంది. ప్రాణాపాయం కలగాలంటే తక్కువ కాలంలో కొన్ని వందల రాడ్లు తగలాలి.

నిజమైన ప్రమాదం సూర్యుని నుండి హఠాత్తుగా వెలువడే కణాల తుపానులది. 1972 ఆగస్టులో అటువంటి తీవ్రమైన తుపాను వచ్చింది. అది అపోలో 16 తిరిగి వచ్చాక, అపోలో 17 బయలుదేరక ముందు జరిగింది. ఈ విషయంలో అపోలో కార్యక్రమానికి అదృష్టం కలిసి వచ్చిందనే చెప్పాలి.

స్వతంత్ర ఆధారాలు

చంద్రశిలలు

ఆరు యాత్రలలో కలిపి 382 కిలోల రాళ్ళు, మట్టి భూమికి చేరాయి. వీటిని అనేక దేశాల శాస్త్రజ్ఞులు పరీక్షించారు. భారతదేశంలో, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దేవేంద్ర లాల్ బృందం ఈ నమూనాలలో విశ్వకిరణాలు మిగిల్చిన జాడలను అధ్యయనం చేసింది. చంద్రశిలల ఉపరితలాలపై సూక్ష్మ ఉల్కలు ఢీకొన్న సన్నని గుంటలు ఉన్నాయి. గాలి ఉన్న భూమిపై ఇవి ఏర్పడవు. సౌరపవనం నింపిన వాయువులు, విశ్వకిరణాల వలన పుట్టిన ఐసోటోపులు కూడా వాటిలో ఉన్నాయి. వీటిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయడం 1969లో ఎవరికీ సాధ్యం కాదు.

సోవియట్ యూనియన్ మనుషులు లేని లూనా 16 (1970), లూనా 20 (1972), లూనా 24 (1976) నౌకల ద్వారా మొత్తం మీద మూడు వందల గ్రాములకు పైగా చంద్రుని మట్టిని తెచ్చింది. దాని స్వభావం అపోలో మట్టితో సరిపోలింది. 2020లో చైనా నౌక ఛాంగ్-5 తెచ్చిన 1,731 గ్రాముల నమూనాలనూ శాస్త్రజ్ఞులు అపోలో నమూనాలతో పోల్చే అధ్యయనం చేశారు.

అంటార్కిటికాలో పడిన చంద్ర ఉల్కలను ముందే ఏరి తెచ్చి చంద్రశిలలుగా చూపించారని మరొక ఆరోపణ. రాకెట్టు శాస్త్రజ్ఞుడు వెర్నర్ ఫాన్ బ్రౌన్ అంటార్కిటికా యాత్ర చేయడం దీనికి ఆధారంగా చెబుతారు. కానీ ఒక ఉల్క చంద్రుని నుండి వచ్చిందని మొదటిసారి గుర్తించినది 1982లో. అది కూడా అపోలో శిలలతో పోల్చి చూడడం వలననే సాధ్యమైంది.

2009లో నెదర్లాండ్స్‌లోని రైక్స్ మ్యూజియంలో చంద్రశిలగా భద్రపరచిన ఒక రాయి శిలగా మారిన కొయ్య అని తేలింది. వాదించేవారు దీన్ని తరచు ఉదహరిస్తారు. అది ఒక మాజీ ప్రధానమంత్రి వద్ద ఉండి, అతని మరణానంతరం మ్యూజియానికి చేరిన వస్తువు. అపోలో 11 నమూనాలుగా నాసా వివిధ దేశాలకు ఇచ్చినవి పారదర్శకమైన పదార్థంలో పొదిగిన చిన్న చిన్న రేణువులు. ఆ కొయ్య ముక్క వాటి కోవకు చెందదు.

లేసర్ దర్పణాలు

అపోలో 11, 14, 15 యాత్రికులు, వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే దర్పణాలను చంద్రునిపై ఉంచారు. భూమి నుండి వీటిపైకి లేసర్ కిరణాలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని కొలుస్తారు. చంద్రుడు ఏటా సుమారు 3.8 సెం.మీ. చొప్పున భూమికి దూరమవుతున్నాడన్న సంగతి ఇలాగే తెలిసింది. ఐతే ఈ దర్పణాలు ఉన్నంత మాత్రాన వాటిని మనుషులే ఉంచారని రుజువు కాదు. సోవియట్ లూనోఖోద్ వాహనాలు కూడా మనుషులు లేకుండానే దర్పణాలను మోసుకెళ్ళాయి. మిగిలిన ఆధారాలతో కలిపి చూసినప్పుడే వీటికి విలువ.

ఇతర దేశాల పరిశీలన

అపోలో 11 చంద్రుని వద్ద ఉన్న సమయంలోనే సోవియట్ లూనా 15 నౌక కూడా చంద్రుని చుట్టూ తిరుగుతున్నది. అది 1969 జూలై 21న చంద్రునిపై కూలిపోయింది. ఇంగ్లాండులోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో దూరదర్శిని రెండు నౌకల సంకేతాలనూ అనుసరించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగు దృశ్యాలను ప్రపంచానికి అందించినది ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్ కేంద్రం. తరువాతి దృశ్యాలు అదే దేశంలోని పార్క్స్ దూరదర్శిని ద్వారా వచ్చాయి. సంకేతాలు పట్టేవారు దూరదర్శినిని ఆకాశంలో చంద్రుడున్న వైపుకే తిప్పవలసి వచ్చేది. సంకేతం మరొక చోటి నుండి వస్తే అది వెంటనే బయటపడి ఉండేది. అమెరికా ఓడిపోవాలని అందరికంటే ఎక్కువగా కోరుకున్న సోవియట్ యూనియన్ ఈ యాత్రలు బూటకమని ఎన్నడూ ప్రకటించలేదు. అంతరిక్షంలో తొలిసారి నడిచిన సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ కూడా ఈ వాదనలను బహిరంగంగా తోసిపుచ్చాడు.

తరువాతి నౌకలు తీసిన చిత్రాలు

2008లో జపాన్ నౌక కగుయా సేకరించిన సమాచారంతో అపోలో 15 దిగిన ప్రాంతపు కొండల రూపాన్ని పునర్నిర్మించగా, అది వ్యోమగాములు నేలపై నుండి తీసిన చిత్రాలతో సరిపోయింది. 2008 అక్టోబరు 22న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి బయలుదేరిన భారత నౌక చంద్రయాన్-1 కూడా అపోలో 15 దిగిన చోటును చిత్రించింది. ఇంజను వాయువుల తాకిడికి నేల చెదిరి రంగు మారిన గుర్తు అందులో కనిపించింది.

2009లో ప్రయోగించిన అమెరికా నౌక లూనార్ రికనైసన్స్ ఆర్బిటర్ ఆరు ప్రదేశాలలోనూ నౌకల అడుగు భాగాలను, పరికరాలను, వ్యోమగాములు నడిచిన బాటలను చూపించింది. 2012లో వెలువడిన చిత్రాలలో అపోలో 12, 16, 17 ప్రదేశాల వద్ద జెండాల నీడలు కనిపించాయి. అపోలో 11 జెండా నీడ కనబడలేదు. నౌక పైకి లేస్తున్నప్పుడు ఆ జెండా పడిపోయిందని ఆల్డ్రిన్ అంతకు దశాబ్దాల ముందే చెప్పి ఉన్నాడు. 2019 జూలై 22న శ్రీహరికోట నుండే బయలుదేరిన చంద్రయాన్-2లోని కెమెరా సైతం అపోలో 11, అపోలో 12 నౌకల మిగిలిన భాగాలను చిత్రించింది.

పోయిన టేపులు

అపోలో 11 ప్రసారానికి సంబంధించిన మూల టేపులు నాసా వద్ద లేవన్నది నిజం. చంద్రుని నుండి వచ్చిన సంకేతం మామూలు టెలివిజనులో చూపడానికి వీలుకాని పద్ధతిలో ఉండేది. దాన్ని భూమిపై కేంద్రాలలో మార్చి ప్రసారం చేశారు. ఈ మార్పులో బొమ్మ నాణ్యత తగ్గింది. మార్చక ముందరి సంకేతం ఉన్న టేపుల కోసం జరిగిన వెదుకులాట 2009లో ముగిసింది. టేపుల కొరత ఉన్న కాలంలో వాటిని తుడిచి మళ్ళీ వాడుకున్నట్లు నాసా ప్రకటించింది. ఐతే ప్రపంచమంతా చూసిన ప్రసారపు రికార్డులు వివిధ చోట్ల భద్రంగా ఉన్నాయి. వాటిలో మంచివాటిని ఎంచి పునరుద్ధరించిన ప్రతి కూడా 2009లోనే విడుదలైంది. చంద్రునిపై తీసిన ఫిల్ములు, రాళ్ళు పోలేదు. ఒక సంస్థ తన చరిత్రను నిర్లక్ష్యం చేసిందనడానికి ఈ ఉదంతం సాక్ష్యమే గానీ, ఆ చరిత్ర జరగలేదనడానికి కాదు.

రహస్యం దాచడంలో కష్టం

అపోలో కార్యక్రమం ఉచ్ఛదశలో ఉన్నప్పుడు సుమారు 4 లక్షల మంది అందులో పనిచేశారు. వారిలో అధిక సంఖ్యాకులు నాసా ఉద్యోగులు కారు, వేలాది కంపెనీలు, విశ్వవిద్యాలయాలలో పనిచేసినవారు. డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 2016లో ప్రచురించిన గణిత నమూనాలో, 4,11,000 మందికి తెలిసిన రహస్యం నాలుగేళ్ళ లోపే బయటపడుతుందని అంచనా వేశాడు. ఇది కొన్ని ఊహలపై ఆధారపడిన అంచనా మాత్రమే. ఐనా అర్ధశతాబ్దం గడిచినా లోపలివారెవరూ నమ్మదగిన పత్రంతో ముందుకు రాలేదన్న విషయం గమనార్హం.

మళ్ళీ ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్నకు సమాధానం ఖర్చు. అపోలో కార్యక్రమానికి సుమారు 2,500 కోట్ల డాలర్లు వ్యయమైంది. పోటీలో గెలిచాక అంత సొమ్ము ఇవ్వడానికి అమెరికా కాంగ్రెసు సుముఖత చూపలేదు. అపోలో 18, 19, 20 యాత్రలను రద్దు చేశారు.

వ్యోమగాములపై ఆరోపణలు

ఈ వాదనలు కేవలం చిత్రాల పరిశీలనతో ఆగలేదు. రహస్యం బయటపెడతారన్న భయంతో నాసాయే అపోలో 1 వ్యోమగాములను చంపించిందన్న ఆరోపణ కూడా వాటిలో ఉంది. ఆ ప్రమాదంపై జరిగిన విచారణలో స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపిన గది, మండే స్వభావం గల పదార్థాలు, లోపలికి మాత్రమే తెరచుకునే తలుపు కారణాలుగా తేలాయి. ఆ తరువాత నౌక నమూనాను విస్తృతంగా మార్చారు.

2002 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో బార్ట్ సైబ్రెల్ అనే చిత్ర నిర్మాత బజ్ ఆల్డ్రిన్‌ను అడ్డగించి, చంద్రునిపై నడిచానని బైబిలుపై ప్రమాణం చేయమని పట్టుబట్టాడు. పిరికివాడనీ, అబద్ధాలకోరనీ దూషించడంతో 72 ఏళ్ళ ఆల్డ్రిన్ అతని ముఖంపై గుద్దాడు. ఆల్డ్రిన్‌పై అధికారులు కేసు పెట్టలేదు.

ప్రజాభిప్రాయం

1999లో గాలప్ సంస్థ అమెరికాలో జరిపిన సర్వేలో 6 శాతం మంది చంద్రయాత్రలు నకిలీవని, 89 శాతం మంది నిజమని అన్నారు. 5 శాతం మంది ఏ అభిప్రాయమూ చెప్పలేదు. రష్యాలో 2018లో జరిగిన ఒక సర్వేలో 57 శాతం మంది మానవుడు చంద్రునిపై దిగలేదని చెప్పారు. యాత్రలు జరిగిన కాలంలో వాటిని స్వయంగా గమనించిన సోవియట్ శాస్త్రజ్ఞులు అనుమానించకపోగా, రెండు తరాల తరువాత అదే దేశంలో అనుమానం పెరగడం విశేషం.

కొత్త ఆధారం వచ్చినప్పుడల్లా దాన్ని కూడా నకిలీ అనడం ఈ వాదనల లక్షణం. లూనార్ రికనైసన్స్ ఆర్బిటర్ చిత్రాలు వెలువడినప్పుడు అవీ నాసా తయారు చేసినవేనన్న విమర్శ వచ్చింది. ఏ ఆధారం చూపితే తమ అభిప్రాయం మార్చుకుంటారో ముందుగా చెప్పని వాదనను పరీక్షించడం సాధ్యం కాదని విమర్శకులు అంటారు. 2002లో ఈ ఆరోపణలకు సమాధానంగా ఒక పుస్తకం రాయించడానికి నాసా 15,000 డాలర్లు కేటాయించింది. అటువంటి పుస్తకం ఆరోపణలకు గౌరవం కల్పిస్తుందన్న విమర్శ రావడంతో ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

సినిమాలు, టెలివిజనులో

* "డైమండ్స్ ఆర్ ఫరెవర్" (1971) - చంద్రతలంలా అలంకరించిన చిత్రీకరణ స్థలం గుండా జేమ్స్ బాండ్ పారిపోయే సన్నివేశం ఈ చిత్రంలో ఉంది.
* "కాప్రికార్న్ వన్" - పీటర్ హయమ్స్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1978లో అమెరికాలో విడుదలైంది. అంగారక యాత్రను నకిలీగా చిత్రీకరించడం ఇందులోని కథ.
* "ఒపెరాసియోఁ ల్యూన్" (2002) - విలియం కారెల్ తీసిన ఫ్రెంచి చిత్రం. క్యూబ్రిక్ చంద్రయాత్రను చిత్రీకరించాడని డాక్యుమెంటరీ పద్ధతిలో చూపి, చివర అంతా పరిహాసమని వెల్లడిస్తుంది. దీనిలోని ముక్కలు తరువాత నిజమైన సాక్ష్యాలుగా ప్రచారంలోకి వచ్చాయి.
* "మిత్‌బస్టర్స్" (2008) - జెండా, నీడలు, పాదముద్రలు మొదలైన ఆక్షేపణలను ఈ టెలివిజను కార్యక్రమంలో ప్రయోగపూర్వకంగా పరీక్షించారు. పరీక్షించిన ఆక్షేపణలేవీ నిలబడలేదు.

ఇవి కూడా చూడండి

* అపోలో కార్యక్రమం
* నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్
* చంద్రయాన్-1
* శ్రీహరికోట
* కుట్ర సిద్ధాంతం